కోనలో మూడో పిలుపు

అక్క మగ్గం అచ్చులో పాత పడుగు కొసలు లేవు. అది చూసిన రోజే నాకు తెలిసిపోయింది, అక్క కోనకు పోయి తిరిగి రాదలుచుకోలేదని.

మగ్గం ఎరగని వాళ్లకు ఇది చెప్పాలి. ఒక పడుగు నేసి ముగించాక బట్ట కోసుకుంటాం గానీ, అచ్చులో మిగిలిన దారాల కొసల్ని అట్లే వదిలేస్తాం. మళ్లీ పడుగు వచ్చినప్పుడు ఒక్కో కొత్త దారాన్ని ఒక్కో పాత కొసకు అతికి లాక్కుంటాం. కొసలు లేకపోతే దారాలన్నీ మొదటి నుంచి అచ్చులోకి ఎక్కించాలి. కళ్లు పోయే పని అది. అందుకే ఎంత సోమరి ఇంట్లోనైనా, చావు జరిగిన ఇంట్లోనైనా, ఆ కొసల జోలికి ఎవరూ పోరు. అక్క వాటిని పూర్తిగా లాగేసి, ఉండ చుట్టి, పొయ్యిలో వేసింది. అచ్చు బోసిగా వేలాడుతోంది.

"కొసలు యాడక్కా?" అని అడిగాను.

"ఇంక నేసేది ఎవరులే మే," అంది. అంటూ మగ్గం కింద కాళ్లు పెట్టుకునే గుంత ఊడుస్తూనే ఉంది.

అక్కకు ఒక్కడే కొడుకు. మగ్గంలో కూర్చోనని చిన్నప్పుడే చెప్పేశాడు. మంగంపేట గనుల దగ్గర ముగ్గురాయి లారీ తోలేవాడు. ఇంటికి వస్తే వాకిట్లో నిలబడి చొక్కా విదిలించేవాడు, తెల్లటి పొడి రాలేది. నేతపని చేసేవాడికే పిల్లనిచ్చే వాళ్లు లేని రోజులు, లారీ తోలేవాడికి ఇంకా కష్టమైంది. పెళ్లి కాకుండానే ముప్పై దాటింది. వాణ్ని నేను ఎన్నోసార్లు తిట్టాను, ఖర్చు మనిషి అని. తల్లికి పండ్లు తెచ్చేవాడు, నాకు తెచ్చేవాడు, వీధిలో పిల్లలకు కూడా పంచేవాడు.

కొన్నేళ్ల కిందట వానలకు ఏరు ఊరి మీద పడింది. ఇంకా సరిగా తెల్లవారలేదు. జనం మిద్దెల మీదికి ఎక్కారు. వాడు తల్లిని పక్కింటి మిద్దె ఎక్కించి, కట్టేసిన బర్రెను విప్పుతానని దొడ్లోకి దిగాడు. బర్రె రెండూళ్ల అవతల తుమ్మచెట్టుకు తట్టుకుని దొరికింది. వాడు దొరకలేదు. ఏటి వెంబడి ఎంత దూరం వెతకాలో అంత దూరం వెతికాం. ఆఖరికి దర్భలతో బొమ్మ చేసి కర్మ జరిపించాం. అక్క ఆ బొమ్మ వైపు చూడలేదు.

వాడు నీళ్లలోంచి "అమ్మా" అని కేక పెట్టాడని మిద్దె మీద ఉన్న వాళ్లందరూ చెప్పారు. అక్క కూడా అదే మిద్దె మీద ఉంది. దానికి వినపడలేదు. ఆ తర్వాత అది అడిగిన మాటలన్నీ ఆ కేక గురించే. ఎన్నిసార్లు పిలిచాడు, గొంతు ఎట్లా ఉంది, ఏ పక్క నుంచి వచ్చింది. కనపడిన వాళ్లనల్లా నిలబెట్టి అడిగేది. మొదట్లో ఓపికగా చెప్పేవాళ్లు. రాను రాను అక్క ఎదురొస్తుంటే పక్క సందులోకి తిరిగిపోయేవాళ్లు.

మా ఇళ్లలో ఒక ఆచారం ఉంది. నీళ్లు తీసుకుపోయిన మనిషి దేహం దొరక్కపోతే, ఆ నీళ్లు పుట్టే చోట కొత్త బట్ట పెట్టాలి. ఇంటి మనిషి చేత్తో నేసిన బట్ట అయ్యుండాలి. అప్పటిదాకా ఆ మనిషి ఏటి వెంబడే తిరుగుతుంటాడని పెద్దవాళ్లు చెప్పేవాళ్లు. అక్క ఆ పంచె నేయడానికి చాలా కాలం పట్టింది. రోజూ కొద్దిగా నేసేది, ఒక్కో రోజు నేసింది విప్పేసేది. చివరికి కార్తీకంలో ముగించింది. మా ఊరి ఏరు పడమటి కొండల్లో పుడుతుంది. దాని తల దగ్గరికి దారి లేదు, ఏట్లోనే నడవాలి.

ఎండాకాలం దాకా ఆగమని పోరాను. ఏరు ఎండిపోయి ఉంటుంది, పాదం తడవకుండా పోయి రావచ్చు అన్నాను.

"ఎండిపోయిన ఏటికి ఏం పెడతావే?" అంది అక్క. "నువ్వు రావద్దులే. నేను ఒక్కదాన్నే పోతా."

ఒక్కదాన్నే పోతానన్నది కాబట్టే నేను బయలుదేరాను. నాకు ఆచారాల మీద పెద్ద నమ్మకం లేదు. మంచి పంచె ఒకటి నీళ్లలో నానబెట్టి రావడం నాకు నచ్చని పని కూడా. కానీ ఆ బోసి అచ్చు నా కళ్లలోనే ఉంది. నా కొడుకును పిలిచి, మీ పెద్దమ్మను ఎట్లా తీసుకుపోతామో అట్లే వెనక్కి తీసుకురావాలి, వేరే పనేమీ లేదు నీకు, అని చెప్పాను. వాడు రాజంపేటలో ఆటో తోలతాడు. ఆ రోజు బాడుగలు మానుకుని వచ్చాడు.

అడవి మొదట్లో గేటు దగ్గర కాపలా మనిషి ఆపాడు. ఎర్రచందనం దొంగల భయం వాళ్లకు. మా సంచులు విప్పించి కొడవలి, మోకు పక్కన పెట్టాడు. దాటేచోట పట్టుకోవడానికి మోకు కావాలని చెప్పినా వినలేదు. ఈ మోకాళ్లతో నేను దుంగలు మోస్తానా నాయనా అని అడిగాను.

"నిన్ను చూస్తే దుంగనే నిన్ను మోసేటట్టు ఉండాది అవ్వా," అన్నాడు. "అయినా రూలు రూలే. వచ్చేటప్పుడు తీసుకపోండి."

కొండ కింద పల్లెలో మేకలు కాసే పెద్దాయన ఒకరు దారి చూపడానికి వచ్చాడు. సన్నటి మనిషి, భుజాన గొంగళి, చేతిలో తన కంటే పొడుగు కర్ర. కోన మొదలయ్యే చోట నిలబడి మా ముగ్గురి మొహాలు చూసి చెప్పాడు.

"లోపల పేర్లు పెట్టి పిల్చుకోవద్దండి. ఎవరన్నా పిలిస్తే ఒక తూరికి పలకొద్దండి. రెండో తూరికీ పలకొద్దండి. మూడోతూరి పిలిస్తేనే మనిషి."

మూడోసారే ఎందుకని నా కొడుకు అడిగాడు.

"మూడోతూరి పిలిచేకి వాటికి ఊపిరి చాలదు నాయనా. ఇంగొకటి. మూడోతూరి పిలిచినాక లేయకుండా ఉండొద్దండి. మనిషి పిలిస్తే మనిషి పలకల్ల."

నా కొడుకు నవ్వు ఆపుకున్నాడు. అక్క మాత్రం తలూపింది, బడిలో పాఠం విన్నట్టు.

చెప్పులు విప్పి సంచిలో పెట్టుకున్నాను. కొత్త చెప్పులు, రాళ్ల మీద అరగ్గొట్టడం దేనికని. కాళ్లు కోసుకుపోతాయని కొడుకు గొణిగాడు. కాళ్లు మానుతాయి, చెప్పులు మానవు అన్నాను. ఆ మాట అన్నందుకు మర్నాడు అనుభవించాను, అది వేరే సంగతి.

మొదటి దాటు చీలమండల లోతు. ఆ నీళ్ల చల్లదనం నాకు తెలియని చల్లదనం. మా నేలలో నీళ్లంటే ఎండకు కాగి ఉంటాయి. ఇక్కడ ఎముకలోకి దిగింది. రెండో చోట మోకాళ్ల దాకా వచ్చింది. రాళ్ల మీద పాచి. పాదం ఎత్తి వెయ్యకూడదు, నేలకు రాస్తూ జరపాలి. నీళ్ల వైపు చూస్తే తల తిరుగుతుంది, అవతలి గట్టు మీద ఒక చెట్టును పట్టుకుని చూస్తూ పోవాలి. ఇదంతా పెద్దాయన నోటితో చెప్పలేదు, ముందు నడుస్తుంటే చూసి నేర్చుకున్నాను. కోన ముందుకు పోయేకొద్దీ రెండు పక్కలా రాతిగోడలు దగ్గరికి వచ్చాయి. ఏరు ఆ గోడ నుంచి ఈ గోడకు తిరుగుతుంది, దానితో మేమూ తిరగాలి. దాటిన గట్టు కాస్త దూరం పోగానే అయిపోతుంది, మళ్లీ నీళ్లలోకి దిగాలి. ఎన్నిసార్లు దిగామో లెక్క పెట్టలేదు. చీర నడుము దాకా తడిసి బరువెక్కింది. బండలు ఎక్కేచోట చేతులు ఆనించి పాకాను. అరచేతులు గీసుకుపోయాయి. బులుసు ముళ్లు చీర లాగాయి. ఒక చోట దారికి అడ్డంగా ఎలుగుబంటి పెంట, ఇంకా తడి ఆరలేదు. పెద్దాయన దాన్ని చూసి కర్రతో బండను గట్టిగా కొట్టుకుంటూ నడిచాడు.

అక్క నాకంటే పెద్దది. ఇంట్లో నీళ్ల బిందె ఎత్తడానికి మూలుగుతుంది. ఆ రోజు మాత్రం పెద్దాయన వెనకే ఆగకుండా నడిచింది. నేను దాని మడమల మీద చూపు పెట్టి నడిచాను. ఇరుకైన చోటు ఒకటి వచ్చింది. ఒక పక్క గోడ, ఒక పక్క మడుగు, మధ్యలో ఒక మనిషి పట్టే దారి. అక్క అక్కడ ఆగి, గోడకు ఒదిగి నిలబడింది. నన్ను పొమ్మంటోందేమో అనుకుని ముందుకు వచ్చాను. చెయ్యి అడ్డం పెట్టింది. కాసేపు అట్లే నిలబడి, ఎవరినో ముందు పోనిచ్చినట్టు, ఆ తర్వాత తను కదిలింది. నా వెనకున్న కొడుకు కూడా అది చూశాడు. మేమిద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు.

ఎండ నడినెత్తికి వచ్చేసరికి రెండు పాయలు కలిసే చోటికి చేరాం. పెద్ద పాయ ఉత్తరం నుంచి వస్తుంది, చిన్నది పడమటి గోడలోంచి. ఏరు పుట్టేది చిన్న పాయ దగ్గరేనని పెద్దాయన చెప్పాడు. పెద్ద పాయ దాటి, చిన్న పాయ వెంబడి పైకి ఎక్కి, ఒక గుహ లాంటి చోట ఆగాం. రాతి చీలికలోంచి చెంబు మూతంత ధార పడుతోంది. కింద చిన్న గుంత. అంతే. మా ఊరిని ముంచింది, వాణ్ని తీసుకుపోయింది ఈ ధారేనా అని నాకు కోపం వచ్చింది. అరచేయి అడ్డం పెడితే ఆగిపోయేటట్టుంది.

అక్క పంచె తీసింది. అంచులు కత్తిరించలేదు, మగ్గం మీద నుంచి ఎట్లా వచ్చిందో అట్లే ఉంది. గుంతలో పరిచి మీద రాయి పెట్టింది. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. వంగి ఆ చీలికలోకి ఏదో చెప్పింది. నీళ్ల చప్పుడులో నాకు వినపడలేదు, అడగలేదు కూడా. ఆ తర్వాత చెవి ఆ రాతికి ఆనించి చాలాసేపు ఉంది. పెద్దాయన ఆకాశం చూస్తూ దగ్గాడు. నేనే పోయి భుజం పట్టి లేపాను.

సద్ది మూట విప్పాం. రాగి సంగటి, చెనిక్కాయల ఊరిమిండి. అక్క తన ముద్ద సగం తీసి నా చేతిలో పెట్టింది.

"నువ్వు తిను. నువ్వు దిగిపోవల్ల గదా," అంది.

"నువ్వు దిగవా?"

అక్క చెయ్యి కడుక్కుంది.

నేను లేచి, దాని కొంగు తీసుకుని నా కొంగుకు ముడేశాను. రెండు ముళ్లు వేశాను, విప్పడానికి గోళ్లు కావాల్సినంత గట్టిగా. అక్క ఊరుకుంది. కొడుకు చూసి తల తిప్పుకున్నాడు. ఆ విధంగా ఇద్దరం దూడల మాదిరి ఒకదాని వెంట ఒకటి దిగాం.

చిన్న పాయ తేటగానే ఉంది. దాని పక్కన దిగుతుంటే ముందు చప్పుడు మారింది. పొద్దున గలగలమన్న ఏరు ఇప్పుడు లోపల్నుంచి మూలుగుతోంది. పాయలు కలిసే చోటికి వచ్చి చూస్తే ఉత్తరం నుంచి వచ్చే నీళ్లు ఇటుక రంగులో ఉన్నాయి. నురగ, పుల్లలు, ఆకులు తిరుగుతూ వస్తున్నాయి. మా నెత్తిన ఒక్క చినుకు పడలేదు. పెద్దాయన వంగి నీళ్లలో చెయ్యి పెట్టి చూశాడు.

"పైన గట్టిగా కురిసినట్టుండాది. బిన్నె దాటల్ల, నిలబడొద్దండి. ఇంకా వస్తాది."

మోకు గేటు దగ్గర ఉంది. నా కొడుకు ఒక్కొక్కరినీ పట్టుకుని దాటించాలి, పెద్దాయన కర్రతో ముందు అడుగు చూడాలి. మా ముడి చూసి పెద్దాయన వద్దన్నాడు. కట్టుకుని దిగితే ఒకరు జారితే ఇద్దరూ పోతారన్నాడు. అది నిజమే. కొడుకు పళ్లతో లాగి ముడి విప్పాడు.

ముందు అక్కను తీసుకుపొమ్మన్నాను. అక్క ఒడ్డున ఉన్న పెద్ద బండ మీద కూర్చుంది. మోకాలు పట్టేసింది, కాస్త సర్దుకుంటే వస్తాను, ముందు దాన్ని తీసుకుపో అంది. నేను కదలనన్నాను. పెద్దాయన నీళ్లలోంచి అరుస్తున్నాడు. అక్క, నేను, ఆ ఏటి ఒడ్డున చిన్నప్పటి మాదిరి వాదులాడుకున్నాం.

"నువ్వు పో మే. మొండిదానా."

"నువ్వు లేస్తేనే."

నా కొడుకు మరి మాట్లాడకుండా నన్ను వీపు మీదికి ఎత్తుకున్నాడు. కొట్టాను, తిట్టాను. నడిమధ్యలో నీళ్లు వాడి రొమ్ము దాకా వచ్చాయి. నా కాళ్లను ఎవరో పట్టి లాగుతున్నట్టుంది. వాడి మెడ నరాలు నా చేతుల కింద బిగుసుకోవడం తెలిసింది. నేను తిట్టడం ఆపేశాను. అవతలి గట్టున నన్ను దింపి వాడు వెనక్కి తిరిగేసరికి ఒక చెట్టు కొమ్మ, ఆకులతో సహా, మేము ఇప్పుడే నడిచిన చోటు మీదుగా పోయింది. నీళ్లు గట్టును కొరుకుతున్నాయి. పెద్దాయన వాడి చొక్కా పట్టుకుని ఆపాడు.

అవతల బండ మీద అక్క కూర్చుని ఉంది. చీర సర్దుకుని, చేతులు ఒళ్లో పెట్టుకుని. మా వైపు చూడటం లేదు, పైనుంచి వచ్చే నీళ్ల వైపు చూస్తోంది. నీళ్లు బండ నడుముకు వచ్చాయి. దాని వెనక ఎక్కడానికి చోటుంది, గోడ పక్కన వాలు ఉంది. లేచి నాలుగడుగులు వేస్తే చాలు. లేవడం లేదు.

"పెద్దమ్మా!" అని నా కొడుకు అరిచాడు.

అక్క కదల్లేదు. వాడు ఇంకా కిందికి, నీళ్ల అంచుకు పోయి, రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని మళ్లీ అరిచాడు.

"పెద్దమ్మా! పైకి లెయ్!"

అక్క ఈసారి మా వైపు చూసింది. విన్నదని తెలుస్తోంది. చూసి, మళ్లీ మొహం తిప్పుకుంది. మూడోసారి పిలవడానికి వాడు ఊపిరి తీసుకున్నాడు. అప్పుడు వాడి కాళ్ల కింది మట్టి జారింది. గట్టు గట్టే నీళ్లలోకి దిగిపోయింది, దాంతో పాటు వాడూ. నేను బోర్లా పడి వాడి కాలు పట్టుకున్నాను. పెద్దాయన కర్ర అందించాడు. వాడి తల రెండుసార్లు నీళ్ల కిందికి పోయింది. మేమిద్దరం ముసలివాళ్లం వాణ్ని ఎట్లా లాగామో ఇప్పటికీ నాకు తెలియదు. గట్టు మీద పడ్డాక వాడు నీళ్లు కక్కాడు. నేను వాడి వీపు మీద కొడుతూ ఉన్నాను, కొట్టడం ఆపితే పోతాడేమోనని.

తలెత్తి చూసేసరికి అవతల బండ లేదు. దాని మీదుగా నీళ్లు నున్నగా పోతున్నాయి.

పెద్దాయన తలగుడ్డ తీసి చేతిలో పట్టుకున్నాడు. నా కొడుకు మోకాళ్ల మీద కూర్చుని చలికి వణికాడు. నేను ఆ బండ ఉన్న చోటే చూస్తూ కూర్చున్నాను. ఏడుపు రాలేదు. ఊరికి పోయి ఏ మొహం పెట్టుకుని ఏం చెప్పాలో కూడా తోచలేదు. మధ్యాహ్నం తన ముద్దలో సగం నాకు పెట్టింది, అది ఇంకా నా కడుపులో ఉంది అనిపించింది. అదొక్కటే అనిపించింది.

కొండ నీళ్లు వచ్చినంత తొందరగానే తగ్గుతాయి. పొద్దు వాలేసరికి బండ తల పైకి తేలింది. దాని మీద చిన్న పుల్లలు, బురద. నీళ్లు నడుముకు దిగాక పెద్దాయన, నా కొడుకు దాటారు. నన్ను ఉండమన్నారు. నేను ఉండలేదు. కర్ర ఒకటి విరుచుకుని వాళ్ల వెనకే దిగాను. ఎట్లా దాటానో గుర్తులేదు. చెప్పుల సంచి నీళ్లలో పోయింది.

మేము కింది వైపు వెతకబోయాం. పెద్దాయన ముందు వాలు మీద చూశాడు. తడి మట్టిలో అడుగులు పైకి పోతున్నాయి.

అక్క గోడ దగ్గర రేలచెట్టు కింద కూర్చుని ఉంది. చీర మోకాళ్ల పైన పొడిగా ఉంది. మమ్మల్ని చూసి చిరాకుపడింది.

"పిలిచి మీరు యాడికి పోయినారు? ఎంతసేపు కూచ్చోవల్ల ఈడ?"

నేను పోయి చెంప మీద ఒకటి వేశాను. నాకంటే పెద్దదాని మీద చెయ్యెత్తడం అదే మొదలు. అక్క నా చెయ్యి పట్టుకుంది. దాని చెయ్యి వెచ్చగా ఉంది.

పైకి ఎందుకు వచ్చావని నా కొడుకు మెల్లగా అడిగాడు. అక్క వాణ్ని చూడకుండా, కోన పైవైపు చూస్తూ చెప్పింది.

"రాకూడదనే కూచ్చున్యా. మీరు పిలిస్తే విన్యా, పలకలేదు. రెండు తూర్లే గదా. అంతలో పైనుంచి మూడోతూరి పిలిచినాడు. పలకకపోతే ఎట్ల?"

"పైనుంచి ఎవరూ పిలవలేదు పెద్దమ్మా. మేము అవతల ఉండాం."

"మీరు పెద్దమ్మా అన్నారు," అంది అక్క. "మూడోతూరి అమ్మా అన్నాడు."

పెద్దాయన తలగుడ్డ మళ్లీ చుట్టుకుని, కర్ర తీసుకుని, దారి పట్టాడు.

"ఆ పొద్దు ఊరంతా విన్నారు, నేను వినలేదు," అని అక్క నాతో అంది, లేస్తూ. "ఈ పొద్దు విన్యా."

వెలుతురు పోకముందే బయట పడాలని పరుగు లాంటి నడక నడిచాం. మళ్లీ అన్ని దాట్లూ దాటాం. నా అరికాళ్లు చీలి, ప్రతి రాయి మీదా కొద్దిగా రక్తం అంటుకుంటోంది. నొప్పి తెలియలేదు, మర్నాడు తెలిసింది. పొద్దున అక్క ఒదిగి నిలబడిన ఇరుకు చోటు వచ్చినప్పుడు, నేను కూడా ఆగాను. ఎందుకు ఆగానో చెప్పలేను. నా వెనక కొడుకు ఆగాడు. అక్క మాత్రం ఆగకుండా నడిచిపోయింది.

గేటు దగ్గర కాపలా మనిషి కొడవలి, మోకు తెచ్చి ఇచ్చాడు. మా ఆకారాలు చూసి ఏమైందని అడిగాడు. ఏమీ లేదు నాయనా, నీళ్లు ఎక్కువగా ఉండాయి అని చెప్పి మోకు చంకన పెట్టుకున్నాను. పెద్దాయన అక్క వినకుండా నా దగ్గరికి వచ్చి, ఆమెను మళ్లీ ఈ కోనకు తీసుకురావద్దక్కా అన్నాడు. సరేనన్నాను. కూలి ఇవ్వబోతే తీసుకోలేదు. గొంగళి తల మీదుగా కప్పుకుని వెనక్కి చూడకుండా పోయాడు.

అక్క అప్పటి నుంచి మా ఇంట్లోనే ఉంది. అన్నం తింటుంది, నిద్రపోతుంది. కేక గురించి ఎవరినీ అడగడం మానేసింది. వీధిలో వాళ్లు ఇప్పుడు దానితో నిలబడి మాట్లాడుతున్నారు.

నాకు మాత్రం ఆ రోజు తెగడం లేదు. కొన్నాళ్లు పోయాక, అక్క లేనప్పుడు, కొడుకును అడిగాను. గట్టు జారి నీళ్లలో పడినప్పుడు నువ్వు అరిచావా అని.

"పడితే ఎవరైనా అమ్మా అనే అంటారు గదమా. అన్నానేమో. కోనలో అరిస్తే ఆ గోడకు తగిలి పైనుంచి వినపడింటాది."

"అన్నావా, లేదా?"

"గుర్తు లేదు మా. నోట్లో నీళ్లుండినాయి. నువ్వు నా కాలు పట్టుకోని ఉండావు గదా, నీకు వినపడలేదా?"

నాకు వినపడలేదు. వాడికి అంత దగ్గరగా ఉన్నాను, నాకు ఏమీ వినపడలేదు. నోట్లో నీళ్లున్న వాడు ఎట్లా అరుస్తాడు. అరవకపోతే అవతలి ఒడ్డున దానికి ఏం వినపడింది. ఇది ఎటు తిప్పినా నాకు కొస దొరకడం లేదు. మీ పెద్దమ్మ దగ్గర ఈ మాట ఎప్పుడూ ఎత్తవద్దని వాడికి గట్టిగా చెప్పాను. వాడు ఎత్తలేదు.

సాయంత్రం ఆటో వాకిట్లో ఆపి వాడు ఎప్పటి మాదిరే "అమ్మా" అని పిలుస్తాడు. ఇదివరకు నేను లేచి పోయి గొళ్లెం తీసేదాన్ని. ఇప్పుడు నేను లేవడానికి ముందే అక్క లేస్తుంది. గబగబా పోయి తలుపు తీస్తుంది, కాళ్లకు నీళ్లిస్తుంది, కంచం పెడుతుంది. మొదట్లో నాకు మనసు చివుక్కుమంది, నా కొడుకు పిలిస్తే నేనే కదా పోవాలి అని. ఇప్పుడు చేటలో బియ్యం ఏరుతున్నానంటే ఏరుతూనే ఉంటాను.

ఒక్కో సాయంత్రం వాడు తొందరగా వచ్చేసి, తిని, లోపల పడుకుని ఉంటాడు. తలుపు వేసే ఉంటుంది. వీధిలో ఎవరూ ఉండరు. అక్క ఉన్నట్టుండి తలెత్తి, చేతిలో పని కింద పెట్టి, వాకిట్లోకి పోయి తలుపు తీస్తుంది. నేను ఎక్కడికి పోతున్నావని అడగను. అది చెంబుతో నీళ్లు తీసుకుని గడప దగ్గర నిలబడి ఉంటుంది. నేను దీపం వత్తి కొంచెం పైకి లాగి, బియ్యం ఏరుకుంటూ కూర్చుంటాను.